భవితవ్యము చూచిన బాలిక, కట్టకు బలియైన కోడలు

బొమ్మల చిత్రమనగానే పసిపిల్లల వినోదమని త్రోసిపుచ్చు అలవాటు మన ఉపాధ్యాయ లోకములో ఇంకను పోలేదు. ఆ అలవాటును కాసేపు ప్రక్కన బెట్టి, జపానులో 1996 ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు 26 భాగములుగా టెలివిజనులో ప్రసారమైన ‘ఎస్కాఫ్లోన్’ అను ధారావాహికను ఒకసారి చూడవలెనని మనవి. దర్శకుడు కజుకి అకానే; నిర్మించినది సన్‌రైజ్ సంస్థ. యంత్రశాస్త్రమును, రాజకుమారుల అద్భుత కథను ఒకే కుండలో వండిన వంట ఇది. రెక్కలు గల రాజు, డ్రాగను గుండెనుండి తీసిన మణితో నడచు లోహకవచము, చంద్రునితోబాటు మన భూమియు మరియొక చంద్రబింబమువలె వ్రేలాడు ఆకాశము, ఇట్టి కల్పనలకు కొదవలేదు. అవి ఎట్లున్నను, నన్ను ఆకర్షించినది కథానాయిక హితోమి కన్జకి.

హితోమి పదునైదేండ్ల విద్యార్థిని. పరుగు పందెములలో దిట్ట. అమ్మమ్మ యిచ్చిన పతకమొకటి మెడలో ధరించి, టారో అను బొమ్మచీట్లు పరచి స్నేహితురాండ్రకు జోస్యము చెప్పుచుండును. మన ఎరుకలసాని గవ్వలకును, ఆ చీట్లకును దూరపు చుట్టరికము గలదేమో! ఈ బాలిక గేయా అను లోకమున పడిన పిమ్మట ఆ విద్య ఆటగా మిగులలేదు. మనుష్యుల మరణము ముందుగానే కన్నుల గట్టును. కంటికి కనబడని శత్రువుల జాడ పతకము చూపును. కావున యుద్ధము చేయువారందరికిని ఆమె చూపు కావలసివచ్చినది. ఆమె మాత్రము కావలసినది కాలేదు.

ఈ కథలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టము యుద్ధములలో లేదు. మిలెర్నా అను రాకుమారి తన వివాహమును గూర్చి జోస్యమడిగినది. చీట్లలో కనబడినది కీడు. తన మనసులోని ఆశ అడ్డువచ్చి హితోమి మేలని చెప్పినది. చూచినది ఒకటి, పలికినది వేరొకటి. ఆ తరువాత ఆమె క్రమముగా గ్రహించిన సత్యము ఇంకను కఠినమైనది: తన భయమే తన దర్శనములకు రంగు పూయుచున్నదనియు, ఆ భయమే కీడును పిలుచుచున్నదనియు. ఆమెకు ఎదురుగా నిలిచిన చక్రవర్తి డోర్న్‌కిర్క్ మరెవరో కాదు, గురుత్వాకర్షణను కనుగొన్న ఐజాక్ న్యూటనే! విధిని సైతము యంత్రముతో నడపవలెనని ఆయన తలంపు. మొదట నవ్వు వచ్చును గాని, ఆలోచించిన కొలది ఆ కల్పన బలమైనదే.

ఇంత దూరపు కథ ఈ కరవు సీమలో ఎందులకనవచ్చును. మన అనంతపురమునకు కూతవేటు దూరమున బుక్కరాయసముద్రము చెరువు కట్టపై ముసలమ్మ యున్నది గనుక.

విజయనగరపు తొలి రోజులలో, 14వ శతాబ్దిలో, బుక్కరాయల కాలమున పండమేరుకు అడ్డకట్ట వేసి ఈ చెరువును నిర్మించిరి. ఇచట సాలున కురియు సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘములు పడమటి కనుమలలోనే బరువు దించుకొనును. ఈశాన్య మేఘములు తూర్పుతీరముననే ఖర్చయిపోవును. మిగిలిన కొలదిపాటి వానయు నెలల తరబడి చినుకుగా రాదు. రెండు మూడు రాత్రులలో కుండపోతగా వచ్చును. ఎండి బిగిసిన నేల దానిని పీల్చలేదు. మరువ చాలకపోయినను, పూడిక పెరిగినను, నీరు కట్టనెక్కి పొరలును. మట్టికట్ట మీద నీరు పొరలినచో గండి తప్పదు. కరవునేలలో చెరువు తెగుట యనగా ఒక్క ఊరు మునుగుట మాత్రమే కాదు, ఆ యేటి తిండి కొట్టుకొనిపోవుట. ఆ గండిని చూచుచు నిలుచున్న జనుల భయమెట్టిదో మనము ఊహించుకొనవలెను.

ఆ భయములో ఒక దేవవాణి వినబడినదట. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలియిచ్చినగాని కట్ట నిలువదని. ముసలమ్మ వినినది, ఒప్పుకొన్నది, అందరికడ సెలవు గైకొని గండిలో అడుగిడినది. సి.పి. బ్రౌను ప్రకటించిన అనంతపుర చరిత్రములోని ఈ వృత్తాంతమును గ్రహించి, మదరాసు క్రైస్తవ కళాశాలలో చదువుకొనుచున్న కట్టమంచి రామలింగారెడ్డి 1899లో, ఇంకను ఇరువదేండ్లు నిండకమునుపే, ‘ముసలమ్మ మరణము’ రచించెను. కళాశాల భాషాసమాజపు పోటీలో అది బహుమానము పొందినది. రాజులును దేవతలును నాయకులుగా గల కావ్యములకు అలవాటుపడిన తెలుగువారి ముందు ఒక రైతుకోడలిని నాయికగా నిలిపి, మంగళాంతమను కట్టుబాటును త్రెంచి, దుఃఖముతో ముగించిన సాహసమది. అంతవరకు మనము పిల్లలకు చెప్పుచునే యున్నాము. ఆపైన ఆగిపోవుచున్నాము.

సరిహద్దు దాటి కన్నడ దేశమునకు పోయినచో ‘కెరెగె హార’ అను జానపద గేయమున్నది. మల్లనగౌడడు త్రవ్వించిన చెరువులో నీరు పడలేదు. కోడలిని హారమీయవలెనన్నారు జోస్యులు. చిన్నకోడలు భాగీరథి పోయినది. సైన్యములో నున్న భర్త తిరిగివచ్చి ఆ నీటిలోనే దూకెను. అక్కడినుండి సెర్బియాకు పోయినను ఇదే కథ. వుక్ కరాజిచ్ సేకరించిన స్కాదర్ కోట పాటలో గోడ నిలువవలెనన్న ముగ్గురు సోదరుల భార్యలలో ఒకతెను అందులో పెట్టి కట్టవలెను. ఏ భార్య భోజనము తెచ్చునో ఆమెయే బలి. ముందుగా ఎవ్వరును భార్యకు చెప్పరాదని ఒట్టు. పెద్దలిద్దరు ఒట్టు తప్పి తమ తమ భార్యలకు చెప్పుకొనిరి, చిన్నవాడు చెప్పలేదు. వచ్చినది అతని భార్యయే.

మూడు దేశముల దైవములకును, జోస్యులకును చిన్నకోడలే ఏల కనబడవలెను? ఇంటికి చివరగా వచ్చినది, నోరు విప్పుటకు చివరి హక్కు గలది ఆమె గనుక అని నా సమాధానము. కట్ట మరమ్మతు మరచినవారిని గాని, మరువను చూడనివారిని గాని ఆ వాణి ఎన్నడును పేర్కొనలేదు. చెరువు కాపాడువారికి దశబంధపు ఇనాములిచ్చిన దేశమిది; ఎవరి బాధ్యత ఏమిటో జనులు ఎరుగకపోలేదు. హితోమి తన భయము తన చూపును మార్చినదని ఒప్పుకొన్నది. ఆ గట్టుమీద నిలిచిన ఊరు ఆ మాట ఒప్పుకొనలేదు. ఆ రెండు కథల నడుమ నాకు తోచిన అంతరము ఇది.

అయినను కట్టమంచివారి ప్రతిభను తగ్గింపరాదు.  గోయ్కో భార్యకు ముందుగా ఎవరును నిజము చెప్పలేదు. ముసలమ్మకు చెప్పిరి. ఆమె తెలిసి నడచినది, ఆ నడకకు కావ్యములో మాటలున్నవి. ఆమె ఘనత యంతయు ఆ తెలివిడిలోనున్నది. దానిని గౌరవించుచునే, వాణిని ప్రశ్నింపవచ్చును. ఒకటి చేసినందువలన రెండవది దోషము కాదు.

ఇచట పింగళి సూరన జ్ఞప్తికి వచ్చును. కళాపూర్ణోదయములో దూరదర్శన, దూరశ్రవణ శక్తులు గల మణిస్తంభుడు కలభాషిణిని మృగేంద్రవాహన గుడికి బలికై తీసికొనిపోవును. ఆ కలభాషిణియే మరుజన్మలో మధురలాలసయై, పసితనముననే పూర్వజన్మ కథను పలుకును. చూచు శక్తి మొదట బలియిచ్చువానిది, పిదప బలికి తేబడిన దానిది. పదునారవ శతాబ్దిలో ఈ మలుపును ఊహించిన సూరన కాలమున జపాను బొమ్మలు లేవు. ఆ సూరనను ‘కవిత్వతత్త్వ విచారము’లో తీవ్రముగా పరిశీలించినవాడు మరల కట్టమంచియే యగుట ఒక చిత్రము.

నా తరగతిలో ఈ కావ్యము ముగిసిన రోజున వెనుక వరుసలోని ఒక బాలిక, దేవవాణి బసిరెడ్డి పేరే చెప్పినచో ఏమగునని అడిగినది. అప్పటినుండి ప్రతి సంవత్సరమును విద్యార్థులకొక పని పెట్టుచున్నాను: ఆ రాత్రి ఆ వాణిని మొదట వినినవాడు ఎవడు, గట్టుమీద ఎచ్చట నిలిచియుండెను, ఎవరి ప్రక్కన, అని ఒక పుట వ్రాయుడని. మగపిల్లలు తరచుగా పూజారిని వ్రాయుదురు. ఆడపిల్లలలో ఎక్కువమంది పెద్దకోడలిని వ్రాయుదురు.