విద్యార్థి సంతృప్తి: సగటు లెక్కలో మనమెక్కడ?

యూనివర్సిటీలో విద్యార్థులు తృప్తిగా ఉన్నారా లేదా అన్న తగాదా ఈనాటిది కాదు. ఉన్నారని అధికారులంటారు. లేరని విద్యార్థి సంఘాలంటాయి. అసలు ఆ ప్రశ్నే తప్పని అధ్యాపకుల్లో కొందరంటారు. ఈ మూడు వాదనల్లోనూ 'విద్యార్థి' అనే మాట ఎవరో ఒకే మనిషి పేరులాగా వినబడుతుంది. ఉస్మానియా లాంటి మహానగర విశ్వవిద్యాలయంలో అలాంటి మనిషి లేడు. పొద్దున బండి మీద వచ్చి సాయంత్రానికి సొంతింటికి పోయేవాళ్ళున్నారు. పాలమూరు నుంచో ఆదిలాబాద్ నుంచో ఒక్క సంచితో దిగి హాస్టల్ గదినే ఇల్లు చేసుకున్నవాళ్ళున్నారు. ఈ ఇద్దరి తృప్తినీ కలిపి రెండుతో భాగిస్తే వచ్చే అంకె ఎవరిది? ఈ వ్యాసంలో మేం విడమర్చి చెప్పదలచుకున్నది ఇదే.

కొలబద్ద ఎట్లాంటిది?

కాలేజీలకు, యూనివర్సిటీలకు గ్రేడులిచ్చే నాక్ 1994లో ఏర్పడింది. 2017లో సవరించిన విధానంలో అది విద్యార్థి సంతృప్తి సర్వేని చేర్చింది. సంస్థ ఇచ్చిన జాబితాలోని విద్యార్థులకు ఈ-మెయిల్లో ప్రశ్నావళి పంపేవాళ్ళు. యూనివర్సిటీ అయితే మొత్తం విద్యార్థుల్లో 10 శాతం లేదా 500 మంది, ఏది తక్కువైతే అంతమంది జవాబిస్తే చాలు. ప్రశ్నలు 21. ఇరవైకి 0 నుంచి 4 దాకా ఉన్న ఐదు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. చివరి ప్రశ్నలో సూచనలు రాయొచ్చు.

సిలబస్ ఎంత పూర్తయింది, టీచర్లు తయారై వస్తున్నారా, ఇంటర్నల్ మార్కులు న్యాయంగా వేస్తున్నారా - ప్రశ్నలు ఈ తీరుగా ఉంటాయి. ఇవి అడగవలసినవే, కాదనం. అయితే హాస్టల్ గురించి, మెస్సు గురించి, స్కాలర్‌షిప్ గురించి, కులం పేరుతో జరిగే అవమానం గురించి ఒక్క ప్రశ్న లేదు. జవాబిచ్చేవాళ్ళ వయసు, లింగం, డిగ్రీ, సబ్జెక్టు అడిగారు గానీ కులం అడగలేదు. ఇంటర్మీడియట్ దాకా ఏ మీడియంలో చదివారో అడగలేదు. దాంతో ఇంటర్నల్ మార్కుల న్యాయం ఎస్సీ విద్యార్థికి ఎట్లా కనబడింది, మిగతావాళ్ళకు ఎట్లా కనబడింది అని విడదీసి చూసే వీలే లేకుండా పోయింది. అడ్మిషన్ ఫారంలో తప్పనిసరిగా ఉండే కులం గడి తృప్తి ఫారం దగ్గరికొచ్చేసరికి మాయమైంది.

విడిగా అడిగితే ఏం బయటపడుతుందో 2007లోనే చూశాం. ఢిల్లీ ఎయిమ్స్‌లో కుల వివక్షపై విచారణకు 2006లో సుఖదేవ్ థొరాట్ అధ్యక్షతన కమిటీ వేశారు. ఆ కమిటీ అక్కడి ఎస్సీ, ఎస్టీ విద్యార్థులను అడిగింది. అధ్యాపకుల నుంచి తగిన సహాయం అందడం లేదని 69 శాతం మంది చెప్పారు. పాఠం చెప్పే దగ్గర ఏదో ఒక రకం వివక్ష ఉందని 72 శాతం మంది చెప్పారు. దేశంలోకెల్లా గొప్ప వైద్య సంస్థ అది. అందర్నీ కలిపి 'టీచర్లు బాగా చెప్తున్నారా' అని అడిగి సగటు తీస్తే ఈ గొంతు వినబడేదా?

'మంచిగుంది' అనే జవాబు

తృప్తి అనేది దేనితో పోల్చి చూస్తామన్న దాని మీద ఆధారపడుతుంది. సాంఘిక సంక్షేమ హాస్టల్లో నీళ్ళచారు తాగి, ఒకే హాల్లో వరసగా చాపలేసుకుని పడుకున్నవాడికి ఇద్దరికో ముగ్గురికో ఇచ్చిన గది రాజభవనమే. సొంత గదిలో పెరిగినవాడికి అదే గది జైలు. మొదటివాడు నాలుగు మార్కులేస్తాడు, రెండోవాడు ఒకటేస్తాడు. ఆ మార్కులు చూసి 'వాళ్ళకేం, బాగానే ఉన్నారు' అంటే, జీవితమంతా తక్కువ దొరికింది కాబట్టి ఇకముందూ తక్కువే చాలన్నట్టు. లేమి మీద ఇంకో లేమి వేసే లెక్క ఇది.

మాలో చాలామందిమి మా ఇళ్ళల్లో మొట్టమొదట యూనివర్సిటీ మెట్లెక్కినవాళ్ళం. ఊరికి పోయినప్పుడు 'ఎట్లుంది బిడ్డా చదువు' అని అడిగితే 'మంచిగుంది' అనే చెప్తాం. బాగలేదంటే అమ్మానాయినలకు చేసిన అప్పు గుర్తొస్తుంది. ఆ అలవాటు జవాబే ప్రశ్నావళిలోకీ పోతుంది. దానికితోడు భయం. పేరు బయటికి రాదని చెప్పినా, ఈ-మెయిల్ చిరునామా ఇచ్చింది సంస్థే గదా! గైడు సంతకం పడితే తప్ప ఫెలోషిప్ రాని స్కాలర్ ఏ గడిలో గుర్తు పెడతాడు?

జాబితాకు ఎక్కనివాళ్ళ సంగతి వేరు. ఉస్మానియా హాస్టళ్ళలో 'నాన్‌బోర్డర్లు' అనే మాట అందరికీ తెలుసు. గది కేటాయింపు లేక స్నేహితుడి గదిలో తలదాచుకుని ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ళు వీళ్ళు. అధికారుల దృష్టిలో వీళ్ళు సమస్య. నగరంలో గది అద్దెకు తీసుకోలేని పేదరికం మాత్రం ఏ లెక్కలోకీ రాదు.

గొడవ ఒకటి, బాధ ఒకటి

2024 ఏప్రిల్లో నీళ్ళు, కరెంటు కొరత వల్ల మే నెలంతా హాస్టళ్ళు, మెస్సులు మూస్తామని ఉస్మానియాలో నోటీసు వచ్చింది. కొరతేమీ లేదని ప్రభుత్వమంది. ఉందని ప్రతిపక్షమంది. ఎన్నికల రోజులు కాబట్టి గొడవ అంతా కరెంటు చుట్టూ తిరిగింది. మే నెలలో పోవడానికి చోటు లేని విద్యార్థి ఎక్కడికి పోవాలన్న ప్రశ్న ఆ గొడవలో అడుగున పడిపోయింది.

2025 మార్చిలో అదే యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్లు, కాలేజీలు, పరిపాలనా భవనం ఆవరణల్లో ధర్నాలు, నినాదాలు కూడదని సర్క్యులర్ తెచ్చింది. విద్యార్థి సంఘాలు దాన్ని ఎదిరించాయి. ఫారం నింపి చెప్పే తృప్తి కావాలి, నోరు తెరిచి చెప్పే అసంతృప్తి వద్దు అంటే ఇక సర్వేకి అర్థమేముంది? నగరానికి అవతలి కొసన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2016 జనవరి 17న వేముల రోహిత్ చనిపోయాడు. ఏడు నెలల ఫెలోషిప్ తనకు రావలసి ఉందని చివరి లేఖలో రాశాడు. ఫెలోషిప్ ఏ నెల ఆగింది అని అడిగే గడి 2017 ప్రశ్నావళిలోనూ లేదు.

అధ్యాపకుల అభ్యంతరం

విద్యార్థి కొనుగోలుదారుడు కాదు, చదువు సరుకు కాదు అనే అధ్యాపకుల మాటలో నిజముంది. గట్టిగా చదివించే టీచరుకు తక్కువ, మార్కులు ధారాళంగా వేసే టీచరుకు ఎక్కువ పడే ప్రమాదమూ ఉంది. విద్యార్థులు వేసే రేటింగుల్లో స్త్రీ అధ్యాపకులపై పక్షపాతం కనబడుతుందని ఫ్రాన్సు, అమెరికా సమాచారంతో 2016లో వచ్చిన పరిశోధన చెప్పింది. మన దగ్గర రిజర్వేషన్ కోటాలో వచ్చాడని ముందే ముద్ర వేయించుకున్న దళిత అధ్యాపకుడికి తరగతి ఎన్ని మార్కులేస్తుంది? ఈ అంకెల్ని ప్రమోషన్లకు ముడిపెట్టే ముందు ఇది ఆలోచించాలి. అయితే ఈ అభ్యంతరాన్ని అడ్డం పెట్టుకుని అసలేమీ అడగొద్దనడం మాకు సమ్మతం కాదు. అడగకపోతే లాభపడేది వైవాలో ఇంటిపేరు ఆరా తీసేవాళ్ళే.

మరి ఏం అడగాలి?

ఎట్లా అనిపించింది అని కాకుండా ఏం జరిగింది అని అడగాలి. స్కాలర్‌షిప్ ఏ నెలలో రావాలి, ఏ నెలలో చేతికొచ్చింది? గైడు దొరకడానికి ఎన్ని నెలలు పట్టింది? దిద్దిన జవాబు పత్రం చూపించారా? వైవాలో ఊరు, ఇంటిపేరు, తండ్రి పని అడిగారా? సెలవుల్లో ఎక్కడున్నారు? వివక్షపై ఫిర్యాదులు తీసుకోవడానికి అధికారిని నియమించాలని యూజీసీ 2012లోనే నిబంధన చేసింది గదా, ఆ అధికారి ఎవరో తెలుసా? వీటికి జవాబు తేదీ, అంకె, అవును, కాదు. 'ఫర్వాలేదు' అనడానికి ఇక్కడ చోటుండదు.

జవాబుల్ని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, స్త్రీలు, చదివిన మీడియం వారీగా విడదీసి అచ్చువేయాలి. ఇక్కడ ఒక జాగ్రత్త కావాలి. డిపార్ట్‌మెంటులో ఒక్క ఎస్టీ విద్యార్థే ఉంటే విడదీసిన లెక్క అతన్ని పట్టిస్తుంది. అందుకని డిపార్ట్‌మెంటు వారీగా కాకుండా యూనివర్సిటీ మొత్తానికి విడదీయాలి. సర్వే నడిపే కమిటీలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల ప్రతినిధులుండాలి.

1942 నాగపూర్ సభలో చదువును, ఆందోళనను, సంఘటితం కావడాన్ని అంబేడ్కర్ ఒకే వరసలో చెప్పాడు. చదివినకొద్దీ మన పిల్లలకు అసంతృప్తి పెరుగుతున్నదంటే ఆ చదువు పనిచేస్తున్నదనే లెక్క. రేపు నాక్ పోయి ఇంకో సంస్థ వచ్చినా, ప్రశ్నలు మారినా, మనం చూడవలసింది ఒకటే: ఆ ఫారంలో మన బతుక్కు గడి ఉందా లేదా? లేకపోతే ఫారం నింపే ముందే ఆ గడి కోసం అడగాలి.