వక్కం మౌలవీ: పత్రికను అమానతుగా భావించిన ఆలిం

మలయాళ పత్రికల చరిత్ర చెప్పేవారు 'స్వదేశాభిమాని' పత్రికను ప్రస్తావించకుండా ముందుకు సాగరు. దానితోపాటే సంపాదకులు కె. రామకృష్ణ పిళ్ళై పేరు కూడా వినిపిస్తుంది. అయితే ఆ పత్రికను స్థాపించి, దాని వ్యయమంతా భరించి, చివరకు దాని నిమిత్తం తన ఆస్తిని పోగొట్టుకున్న వ్యక్తి ఒక ముస్లిం ధార్మిక విద్వాంసుడన్న సంగతి మన తెలుగు ముస్లిం కుటుంబాలలో బహు కొద్దిమందికే తెలుసు. ఆయనే వక్కం ముహమ్మద్ అబ్దుల్ ఖాదర్ మౌలవీ (రహ్మతుల్లాహి అలైహి).

1873 డిసెంబరు 28న తిరువాన్కూరు సంస్థానంలోని వక్కం గ్రామంలో, కలిగిన కుటుంబంలో ఆయన జన్మించారు. తండ్రిగారు పండితులను ఇంటికే రప్పించి చదువు చెప్పించారు. అరబీ, ఫారసీ, ఉర్దూ, సంస్కృతం, తమిళం వంటి పలు భాషలు ఆయనకు అబ్బాయి. కైరో నగరం నుండి అల్లామా రషీద్ రిజా వెలువరించే 'అల్ మనార్' పత్రికను ఆయన శ్రద్ధగా చదివేవారు. ధర్మజ్ఞానం కొద్దిమంది విద్వాంసుల గదులకే పరిమితం కారాదనీ, అది ప్రజల భాషలో ప్రజల ఇళ్ళకు చేరాలనీ ఆయన గట్టిగా నమ్మారు.

1905 జనవరి 19న అంచుతెంగు అనే సముద్రతీర గ్రామం నుండి 'స్వదేశాభిమాని' వెలువడింది. అందుకోసం మౌలవీ గారు ఇంగ్లాండు నుండి అచ్చుయంత్రం తెప్పించారు. రాయిటర్స్ సంస్థ నుండి విదేశ వార్తలు అందుకునే ఏర్పాటు చేశారు. ఒక ప్రాంతీయ భాషా పత్రికకు ఆ రోజులలో ఇది సామాన్యమైన సాహసం కాదు. తొలి సంపాదకులు సి.పి. గోవింద పిళ్ళై. 1906లో ఆ బాధ్యతను రామకృష్ణ పిళ్ళై స్వీకరించారు. మరుసటి సంవత్సరం పత్రిక కార్యాలయం రాజధాని తిరువనంతపురానికి తరలింది.

ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసి ఉంది. ధనం మౌలవీ గారిది. యంత్రం మౌలవీ గారిది. కలం మాత్రం ఆయన మరొకరి చేతికి, అదీ ముస్లిమేతర సోదరుని చేతికి, సంపూర్ణ స్వేచ్ఛతో అప్పగించారు. పిళ్ళై గారు దివాను పి. రాజగోపాలాచారి పాలనను, అధికారుల అవినీతిని నిర్భయంగా విమర్శించారు. ఆ రాతల పర్యవసానం ఎవరిపై పడుతుందో మౌలవీ గారికి తెలియనిది కాదు. యజమానిగా ఆ కలానికి కళ్ళెం వేసే అధికారం ఆయనకుంది. అయినా ఆయన ఆ పని చేయలేదు.

1910 సెప్టెంబరు 26న ప్రభుత్వం పత్రికను నిషేధించి, అచ్చుయంత్రాన్ని స్వాధీనం చేసుకుంది. పిళ్ళై గారిని బంధించి, సంస్థానం నుండి బహిష్కరించి తిరునల్వేలికి పంపివేసింది. ఆయన మళ్ళీ స్వస్థలంలో స్థిరపడే భాగ్యానికి నోచుకోలేదు. 1916లో కణ్ణూరులో కన్నుమూశారు. మౌలవీ గారు తన సంపాదకుని నిందించలేదు. సంపాదకుడే లేనప్పుడు యంత్రం తనకెందుకని భావించి, దానిని తిరిగి ఇమ్మని ప్రభుత్వాన్ని వేడుకోలేదు. ఆ యంత్రం ఆయన కుటుంబానికి తిరిగి చేరింది దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన తరువాతనే.

అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించవలసిందిగా అల్లాహ్ 'నిసా' సూరాలో మనలను ఆదేశిస్తున్నాడు. మదరసాలో ఈ ఆయతును బోధించేటప్పుడు మా వంటి వారు సాధారణంగా సొమ్మును, నగలను, భూమిని ఉదాహరణగా చెబుతాం. ఒకరికిచ్చిన మాట, ఒకరికప్పగించిన బాధ్యత, ఒకరి నోట వెలువడవలసిన సత్యం కూడా అమానతులేనని మౌలవీ గారి జీవితం బోధిస్తోంది.

ఆస్తి పోయిన పిదప ఆయన నిరాశతో కూర్చోలేదు. 1906లోనే 'ముస్లిం' అనే మాసపత్రికను ఆరంభించి ఉన్నారు. 1918లో 'అల్ ఇస్లాం' పత్రికను వెలువరించారు. అందులోని భాష మలయాళం, లిపి అరబీ. కారణం సుస్పష్టం. నాటి ముస్లిం గృహాలలో, ప్రత్యేకించి స్త్రీలలో, మలయాళ లిపి రానివారు సైతం ఖుర్ఆన్ పారాయణం వలన అరబీ అక్షరాలు చదవగలిగేవారు. వారు ఏ అక్షరం చదవగలరో ఆ అక్షరంలోనే ఆయన వారి వద్దకు వెళ్ళారు. ఆ పత్రిక కొద్ది సంచికలకే ఆగిపోయినా, బాలికల విద్య గురించీ, వరకట్నం, దుబారా పెళ్ళిళ్ళ వంటి దురాచారాల గురించీ ఆయన సాగించిన ప్రబోధం ఆగలేదు. సంస్థానంలోని ప్రభుత్వ పాఠశాలలలో అరబీ బోధన ప్రవేశించడానికి ఆయన కృషి తోడ్పడింది. 1922లో కొడుంగల్లూరులో ఏర్పడిన ముస్లిం ఐక్య సంఘానికి ఆయన మార్గదర్శకులలో ఒకరు. 1932 అక్టోబరు 31న ఆయన పరమపదించారు.

ఆయన అభిప్రాయాలన్నిటితో ఆనాటి ఉలమా అందరూ ఏకీభవించలేదు. నేడు కూడా అందరూ ఏకీభవించవలసిన పని లేదు. కానీ రెండు విషయాలలో భేదాభిప్రాయానికి తావు లేదని మేము భావిస్తున్నాము.

మొదటిది భాష. ప్రతి ప్రవక్తనూ ఆయన జాతి భాషలోనే పంపినట్లు 'ఇబ్రాహీం' సూరా తెలుపుతోంది. మన పిల్లలు తెలుగులో చదువుతున్నారు, తెలుగులో ఆలోచిస్తున్నారు. వారికి ధర్మాన్ని తెలుగులో విప్పిచెప్పడం దీన్‌కు ఏ విధంగానూ తక్కువ చేయడం కాదు.

రెండవది ధనం. మన మస్జిదు కమిటీలకు, మదరసాలకు, సంఘాలకు, పత్రికలకు విరాళమిచ్చే పెద్దలున్నారు. అల్లాహ్ వారికి ప్రతిఫలం ప్రసాదించుగాక! సొమ్ము ఇచ్చినంత మాత్రాన ఇమాము నాలుకపైనా, ఉపాధ్యాయుని పాఠంపైనా, రచయిత కలంపైనా తమకు హక్కు లభించిందని భావించే ముందు, వారు ఒక్కసారి వక్కం మౌలవీని తలచుకోవాలని మా మనవి.

సత్యం పలికే ధైర్యాన్నీ, సత్యం పలికేవారికి అండగా నిలిచే ఔదార్యాన్నీ అల్లాహ్ మనందరికీ అనుగ్రహించుగాక! ఆమీన్.