ప్లాన్ గీస్తే అయిపోదు!

ఆర్కిటెక్ట్ అనగానే ఏసీ గది, పెద్ద స్క్రీన్, స్టైలిష్ కళ్లజోడు గుర్తొస్తాయి కదూ? ఓసారి స్లాబ్ వేసే రోజు సైట్‌కి వెళ్లి చూడండి. నెత్తిన హెల్మెట్‌తో, సెంట్రింగ్ మీద పరిచిన ఇనుప చువ్వల మధ్య అడుగులో అడుగేసుకుంటూ కనిపిస్తారు. ఫ్యాన్ బాక్సులు గది మధ్యలోనే పడ్డాయా? కరెంటు పైపులు అన్నీ వేశారా? బాత్‌రూమ్ దగ్గర స్లాబ్ కిందికి దించారా? చువ్వల లెక్క స్ట్రక్చరల్ ఇంజినీర్ చూసుకుంటారు కానీ, ఇవి మాత్రం ఆర్కిటెక్టే చూడాలి. అదీ కాంక్రీట్ పోయకముందే. ఆ తర్వాత ఏది గుర్తొచ్చినా డ్రిల్లింగ్ మెషినే గతి!

మధ్యాహ్నం ఆఫీసుకొస్తే వాస్తు పంచాయితీ. వంటగది ఆగ్నేయంలోనే ఉండాలంటారు పెద్దాయన. కారు అక్కడే పెట్టాలంటాడు కొడుకు. హైదరాబాద్ శివార్లలో 133 గజాల ప్లాటు, అందులో సెట్‌బ్యాక్ పోగా మిగిలినంతలోనే ఇద్దర్నీ ఒప్పించాలి. 'సెట్‌బ్యాక్ కాస్త తగ్గిద్దాం, ఎవరు చూస్తారు?' అనే మాట ఎలాగూ వస్తుంది. అప్పుడు 'కుదరదండీ' అనగలగడమే ఈ ఉద్యోగంలో కష్టమైన పని. గాలీ వెలుతురూ ఆ ఖాళీలోంచే రావాలి మరి.

బీఆర్క్ ఐదేళ్లు చదవాలి. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయితేనే ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవాలి. అయినా ఫీజు దగ్గరికొచ్చేసరికి 'ప్లానే కదా, గీసిచ్చేయండి' అనేస్తారు. టైల్స్‌కి లక్షలు పోయడానికి వెనకాడనివాళ్లూ ఇక్కడ బేరమే. మేస్త్రి చెప్పాడని కిటికీ చిన్నది చేయించేసి, గది చీకటిగా ఉందని మళ్లీ ఫోన్ చేసేదీ వాళ్లే!