అమ్మమ్మకు ఎన్ని బిట్లు?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే పేట ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి పనికి వెళ్ళిన తెలుగువాళ్ళ మనుమలు, మునిమనుమలు ఆ ఊళ్ళో నేటికీ ఉన్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, హిందీ. సెల్‌ఫోన్ ఇలాంటి కుటుంబాలను ఎలా మార్చిందో చూద్దామా?

మొదటి తరానికి సొంత ఊరితో సంబంధం ఉత్తరమే. చదువు రానివాళ్ళు వచ్చినవాళ్ళ చేత రాయించుకునేవారు. రెండో తరం నాటికి ఎస్.టి.డి. బూత్‌లు వెలిశాయి. రాత్రి రేటు తగ్గేదాకా ఆగి, మీటరు మీద ఒక కన్ను వేసి మాట్లాడేవారు. 1995 జూలై 31న కలకత్తా నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. మన దేశంలో సెల్‌ఫోన్ సేవకు అదే నాంది. 2003లో వచ్చే కాల్స్‌కు డబ్బు కట్టే బాధ తప్పింది.

అలా మాట చవకయింది. మరి రాత సంగతి?

ఒక ఎస్.ఎం.ఎస్.లో పట్టేది 1120 బిట్లు మాత్రమే. బిట్ అంటే సున్నా లేదా ఒకటి. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు కనుక 160 అక్షరాలు పడతాయి. తెలుగుకు ఒక్కో సంకేతానికి 16 బిట్లు కావాలి. అంటే 70 సంకేతాలే! పైగా మనకు ఒక్కటిగా కనిపించే 'మ్మ' నిజానికి మూడు సంకేతాలు: మ, పొల్లు, మ. ఆ లెక్కన 'అమ్మమ్మ' అనే మాటకు 7 సంకేతాలు, 112 బిట్లు. అదే ఇంగ్లీషు లిపిలో రాస్తే 7 అక్షరాలు, 49 బిట్లే. పైగా పాత ఫోన్లు చాలావాటిలో తెలుగు అక్షరాలే ఉండేవి కావు. అందుకే మూడో తరం తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి అలవాటు పడింది. తెలుగు లిపి మాత్రమే తెలిసిన అమ్మమ్మ ఆ సందేశాన్ని చదవలేదు. తెలుగు బడికి వెళ్ళని మనవడు అమ్మమ్మ దాచుకున్న ఉత్తరాలను చదవలేడు. ఇద్దరి భాషా ఒకటే, అడ్డం వచ్చింది లిపి!

నేటి స్మార్ట్‌ఫోన్‌లో సందేశాలు ఇంటర్‌నెట్ ద్వారా వెళ్తాయి. 70 సంకేతాల ఇరుకు లేదు, తెలుగు కీబోర్డు ఉంది. కాని గొంతును రికార్డు చేసి పంపే వీలూ వచ్చింది. చదువు రాని ముసలమ్మకు అది వరమే. ఒకరి చేత రాయించుకునే అవసరం తీరిపోయింది. అయితే అదే సౌకర్యం వల్ల పిల్లలకు అక్షరాలు నేర్చుకోవలసిన అగత్యమూ తగ్గింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషగా గుర్తింపునిచ్చేందుకు ఆమోదం తెలిపింది. ఆ గుర్తింపుకు ఫలితం దక్కాలంటే చదివేవాళ్ళు ఉండాలి కదా!

ఇప్పుడు మీ పేరును తెలుగులో రాసి, అందులో ఎన్ని సంకేతాలున్నాయో లెక్కపెట్టండి. గుణింతపు గుర్తుకు ఒకటి, ఒత్తు ఉంటే దాని ముందున్న పొల్లుకు మరొకటి. వచ్చిన సంఖ్యను 16తో గుణించండి. తర్వాత దూరాన ఉన్న మీ పెద్దవాళ్ళకు ఆ పేరుతోనే, తెలుగులోనే, ఒక సందేశం పంపండి. జవాబు ఏ లిపిలో వస్తుందో చూడండి!