ఆ ఫైవ్ స్టార్ ఇచ్చింది ఎవరు?

మురమళ్ళ వీరేశ్వరస్వామి గుడిలో ఏడాది పొడుగునా కళ్యాణమే. సంబంధాలు కుదరడం ఆలస్యమవుతున్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఇక్కడ స్వామివారి కళ్యాణం చేయించుకుంటారు. కోనసీమకు కొత్తవాళ్లయితే బయల్దేరే ముందే ఫోన్ తీసి, దిగడానికి ఏ లాడ్జి బాగుంటుందో, భోజనం ఎక్కడ బాగుంటుందో చూసుకుంటారు. ఇంటికెళ్లాక ఆత్రేయపురం పూతరేకుల మీదికి మనసుపోతే ఆ ఆర్డరూ ఫోన్‌లోనే. రెండుచోట్లా దారి చూపేది ముక్కూమొహం తెలియని ఎవరో ఇచ్చిన స్టార్లే.

ఆ స్టార్లు ఎలా పుడతాయో హైదరాబాద్ పోలీసులు 2023 జులైలో బయటపెట్టిన కేసు కొంత చెబుతుంది. ఇంట్లో కూర్చుని రేటింగులిస్తే డబ్బులొస్తాయని టెలిగ్రామ్‌లో వచ్చిన మాట నమ్మారు నగరవాసి ఒకరు. మొదట వెయ్యి రూపాయలు కట్టించుకుని, చెప్పిన లింకులకు ఫైవ్ స్టార్ ఇప్పించి, లాభం చేతిలో పెట్టారు. గురి కుదిరాక పెద్ద మొత్తాలు లాగారు. ఆయనకు పోయింది 28 లక్షలు. తీగ లాగితే దేశమంతటా సుమారు 15 వేల మంది బాధితులు, 712 కోట్ల రూపాయలు తేలాయి.

అందరూ దీన్ని పెట్టుబడి మోసంగానే చదివారు. అయితే తాము వాడని, చూడని వాటికి స్టార్లు ఇమ్మంటే అంతమంది అనుమానించకుండా ఇచ్చారంటే, డబ్బు తీసుకుని రేటింగ్ ఇవ్వడం కూడా ఒక ఉద్యోగమే అనిపించేంత మామూలైపోయిందన్నమాట. భయపడాల్సింది అందుకు. ఇతర దేశాల్లోనూ ఇదే తంతు. డబ్బో ఉచిత వస్తువులో ఎరవేసి రివ్యూలు రాయించే పదివేలకు పైగా ఫేస్‌బుక్ గ్రూపుల నిర్వాహకుల మీద 2022లో అమెజాన్ కోర్టుకెక్కింది. లండన్‌లో ఊబా బట్లర్ అనే కుర్రాడు తానుంటున్న తోటలోని షెడ్డునే రెస్టారెంటని ట్రిప్‌అడ్వైజర్‌లో నమోదు చేసి, స్నేహితుల చేత రివ్యూలు రాయించాడు. ఒక్కరికీ వడ్డించకుండానే 2017 నవంబరుకల్లా అది నగరంలో మొదటి స్థానానికి చేరింది. ఫొటోల్లో నోరూరించిన వంటకాల్లో షేవింగ్ నురగ కూడా ఉంది!

ఇక ‘పదివేల లోపు పది మంచి మిక్సీలు’ లాంటి జాబితాలిచ్చే సైట్ల సంగతి వేరు. వాటి రాబడిలో ఎక్కువ భాగం కమిషనే. అక్కడి లింకు నొక్కి కొంటే అమ్మినవాళ్లు సైటుకు కొంత వాటా ఇస్తారు. అమెజాన్ ఈ పద్ధతిని 1996లోనే మొదలుపెట్టింది. కమిషన్ తీసుకోవడం తప్పు కాదు, దాన్ని దాచడం తప్పు. ఆ విషయం పేజీలో స్పష్టంగా రాశారా? వస్తువును చేత్తో పట్టుకుని పరీక్షించారా, లేక కంపెనీ కరపత్రాన్నే తిరగరాశారా? సొంత ఫొటోలున్నాయా? పదింటిలో ఒక్కదానికైనా ‘ఇది కొనకండి’ అన్నారా? అన్నీ బాగున్నాయనే సైటు అమ్మేవాడి మనిషే.

కొనుగోలుదారుల రివ్యూలను చదవడానికీ ఒక పద్ధతుంది. పూతరేకులనే తీసుకుందాం. ‘సూపర్, అందరూ కొనండి’ అనే మాట చెప్పులకైనా అతుకుతుంది. ‘బెల్లంవి తెప్పించాం, నాలుగో రోజుకి చేరాయి, పైవరస రేకులు నలిగిపోయాయి, నెయ్యి మాత్రం తాజాగా ఉంది’ అని రాయాలంటే డబ్బా విప్పి ఉండాలి. ఒకే వారంలో ఒకే తీరు పొగడ్తలు గుంపుగా వచ్చిపడితే అనుమానించాల్సిందే. రెండు, మూడు స్టార్లవాళ్లు సాధారణంగా మంచీ చెడూ రెండూ చెబుతారు కాబట్టి ముందు వాళ్లవి చదవడం మేలు. ‘వెరిఫైడ్ పర్చేజ్’ ముద్ర ఉంటే కొన్నమాట నిజమే కావచ్చు, కానీ ఫైవ్ స్టార్ ఇచ్చాక అమ్మినవాడు డబ్బు తిరిగి పంపేసే ఏర్పాట్లూ ఉన్నాయి.

రివ్యూ చెప్పలేని సంగతులూ ఉంటాయి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తెప్పించుకున్నవి నిజంగా అక్కడివేనా అన్నది తిన్నవాళ్లకు మాత్రం ఎలా తెలుస్తుంది? దానికి పెట్టె మీది తయారీదారు చిరునామా, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు చూసుకోవాలి.

రివ్యూల కోసం భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని తెచ్చింది. డబ్బిచ్చి కొన్న రివ్యూలను, అందుకోసమే పెట్టుకున్న మనుషులు రాసినవాటిని ప్రచురించకూడదని, రాసినవారెవరో సరిచూసుకోవాలని అది చెబుతోంది. అయితే స్వచ్ఛందంగా పాటించాల్సినదిగానే తెచ్చారు. ఇంత పెద్ద వ్యాపారాన్ని సంస్థల ఇష్టానికి వదిలేయడం కొనేవాళ్లకు న్యాయం కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం మాత్రం తప్పుదోవ పట్టించే ప్రకటనలకు జరిమానా వేయనిస్తుంది.

రివ్యూ చూసి కొని మోసపోయామనుకుంటే, ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి, బిల్లుతో పాటు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. రేటింగులిస్తే డబ్బులంటూ ఎవరైనా ముందుగా కట్టించుకుంటే మాత్రం వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. సొమ్ము ఖాతాలు మారిపోకముందే ఆపించే వీలు ఆ మొదటి గంటల్లోనే ఎక్కువ.