‘ఫుష్’ శబ్దం కోసం వాల్వ్ మార్చారు... సిగ్నల్ దగ్గర కారు ఎందుకు ఆగిపోతోంది?

టర్బో కారులో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే ‘ఫుష్’ అనే శబ్దం రావాలి. ఈ ముచ్చట కోసమే కొందరు కంపెనీ బిగించిన వాల్వ్ తీయించి, గాలిని బయటికి వదిలే బ్లో-ఆఫ్ వాల్వ్ పెట్టించుకుంటున్నారు. శబ్దం వస్తుంది. దాంతోపాటే కొన్ని కార్లలో కొత్త తలనొప్పీ మొదలవుతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఆర్‌పీఎం ముల్లు పైకీ కిందికీ ఊగుతుంది. క్లచ్ నొక్కి బండిని నెమ్మదింపజేస్తుంటే ఇంజిన్ ఆఫ్ అయిపోతుంది.

ఇది చిరాకుతో పోయే విషయం కాదు. బండి కదులుతుండగా ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేక్ బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండుసార్లు నొక్కేసరికి అయిపోతుంది. ఆ తర్వాత పెడల్ గట్టిపడుతుంది.

ఇలాంటప్పుడు స్పార్క్ ప్లగ్‌లు, సెన్సర్లు, ఫ్యూయల్ పంపు అంటూ ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతే డబ్బు వదులుతుందే తప్ప జబ్బు వదలదు. వాల్వ్ మార్చిన తర్వాతే సమస్య మొదలైతే, ముందుగా అనుమానించాల్సింది ఇంజిన్‌లోకి వెళ్లే గాలి లెక్కను.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

టర్బో గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెడుతుంది. డ్రైవర్ కాలు తీయగానే థ్రాటిల్ మూసుకుంటుంది. దారి లేని ఆ గాలి వెనక్కి తిరిగి టర్బో చక్రాన్ని కొట్టకుండా వాల్వ్ తెరుచుకుని దాన్ని పక్కకు మళ్లిస్తుంది. కంపెనీ వాల్వ్ ఆ గాలిని మళ్లీ టర్బో ముందున్న పైపులోకే పంపుతుంది. కొత్త వాల్వ్ బయటికి వదిలేస్తుంది.

సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ వంటి కార్లలో ఎయిర్ ఫిల్టర్ దగ్గర మాఫ్ సెన్సర్ ఉంటుంది. లోపలికి వచ్చే గాలిని అది కొలుస్తుంది. ఆ కొలత ప్రకారమే ఈసీయూ పెట్రోల్ చిమ్మిస్తుంది. కొలిచిన గాలిని మధ్యలో బయటికి వదిలేస్తే ఈసీయూకు ఆ సంగతి తెలియదు. లేని గాలికి కూడా పెట్రోల్ పోస్తుంది. ఆ క్షణంలో మిశ్రమం ‘రిచ్’ అవుతుంది, ఇంజిన్ తడబడుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది.

కొన్ని కార్లలో మాఫ్ ఉండదు. థ్రాటిల్ తర్వాత ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఉన్న ఒత్తిడిని మ్యాప్ సెన్సర్ చూసి చెబుతుంది. అలాంటి కార్లలో థ్రాటిల్‌కు ముందే గాలి బయటికి పోయినా లెక్క పెద్దగా చెడదు. ఒకే వాల్వ్ ఒక కారులో నిక్షేపంగా పనిచేసి, మరో కారును ఇబ్బంది పెట్టడానికి కారణం ఇదే. కాబట్టి తన కారులో ఉన్నది ఏ సెన్సరో యజమాని మొదట తెలుసుకోవాలి.

లక్షణాన్ని బట్టి కారణం

కాలు తీసినప్పుడు మాత్రమే ఇంజిన్ తడబడి, తర్వాత ఐడ్లింగ్ నిలకడగా ఉంటే పైన చెప్పిన రిచ్ సమస్యే అయి ఉంటుంది. స్ప్రింగ్ ఎంత తిప్పినా ఇది పోదు. గాలిని మళ్లీ ఇన్‌టేక్‌లోకే మళ్లించాలి, లేదా ఈసీయూ ట్యూనింగ్ మార్పించాలి.

ఆగి ఉన్నప్పుడే ఆర్‌పీఎం ఊగుతుంటే మూడు చోట్ల వెతకాలి.

మొదటిది, పాత వాల్వ్ గాలిని తిప్పి పంపిన రంధ్రం. కొత్త వాల్వ్ పెట్టాక దానికి బిరడా వేయడం మరిచిపోతే మాఫ్ కొలవని గాలి అక్కడి నుంచి లోపలికి వస్తుంది. ఫిల్టర్ చూడని దుమ్ము నేరుగా టర్బోలోకి పోతుంది.

రెండోది, వాల్వ్‌కు వెళ్లే సన్నని వాక్యూమ్ గొట్టం. అది చిట్లినా, క్లిప్ వదులైనా థ్రాటిల్‌ను తప్పించుకుని గాలి ఇంజిన్‌లోకి చేరుతుంది. ఇది మ్యాప్ సెన్సర్ ఉన్న కార్లనూ వదలదు. ఈ గొట్టాన్ని మానిఫోల్డ్ నుంచి విడిగా తీసుకోవాలి. బ్రేక్ బూస్టర్ లైనుకో, ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ లైనుకో టీ వేసి కలపకూడదు.

మూడోది, స్ప్రింగ్. ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజిన్ ఐడ్లింగ్‌లో వాక్యూమ్ గేజ్ సాధారణంగా 18 నుంచి 22 అంగుళాల పాదరసం చూపిస్తుంది. స్ప్రింగ్ మెత్తగా ఉంటే ఆ లాగుడుకే వాల్వ్ తెరుచుకుంటుంది. కంపెనీ వాల్వ్ అలా కాస్త తెరుచుకున్నా నష్టం లేదు, ఆ గాలి లోపలే తిరుగుతుంది. బయటికి తెరుచుకునే వాల్వ్‌తో మాత్రం లెక్క తప్పుతుంది. ఐడ్లింగ్‌లో వాల్వ్ మూసుకుని ఉండేంత వరకే స్ప్రింగ్ బిగించాలి. మరీ బిగిస్తే కాలు తీసినప్పుడు తెరుచుకోదు, గాలి వెనక్కి తన్ని టర్బోకే దెబ్బ.

పరీక్షించే వరుస

ముందు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బిరడా, క్లాంపులు, గొట్టాలు కళ్లతో చూడాలి. తర్వాత వాల్వ్ వాక్యూమ్ గొట్టాన్ని మానిఫోల్డ్ వైపు తీసి, అక్కడి నాజిల్‌ను మూసి, ఇంజిన్ స్టార్ట్ చేయాలి. ఐడ్లింగ్ కుదురుకుంటే దోషం గొట్టంలోనో, స్ప్రింగ్‌లోనో, వాల్వ్‌లోనో ఉన్నట్టు. ఇది నిలబెట్టి చేసే పరీక్షే. అలాగే రోడ్డెక్కకూడదు.

ఓబీడీ స్కానర్ ఉంటే ఫ్యూయల్ ట్రిమ్ చూడాలి. ఐడ్లింగ్‌లో అది 10 శాతానికి మించి ప్లస్‌లో ఉండి, 2,500 ఆర్‌పీఎం దగ్గర సాధారణ స్థాయికి దిగితే ఎక్కడో లెక్కలేని గాలి చొరబడుతోందని అర్థం. పీ0171 కోడ్ చెప్పేదీ ‘లీన్’ మిశ్రమం గురించే. చోటు దొరక్కపోతే స్మోక్ టెస్ట్ చేయించాలి. వేడి టర్బో పక్కన మండే క్లీనర్ స్ప్రే కొట్టి లీకు వెతకడం నిప్పుతో చెలగాటం.

ఐడిల్ వేగం పెంచేసి సరిపెట్టుకుంటే రోగం దాగుతుందంతే. ఇంజిన్ మిస్సింగ్ కొడితే మండని పెట్రోల్ సైలెన్సర్ వైపు పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడు చేస్తుంది. పీయూసీ పరీక్షలోనూ అది బయటపడుతుంది. బీఎస్-4, బీఎస్-6 పెట్రోల్ కార్లకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. చట్టం సంగతీ ఉంది. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఏ ప్రకారం, నిబంధనలు అనుమతించని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే చివరి పరీక్ష ఒకటుంది. పాత వాల్వ్‌ను, పాత గొట్టాలను మళ్లీ బిగించి చూడటం. ఐడ్లింగ్ కుదిరితే దోషం కొత్త అమరికదే. కుదరకపోతే మురికి పట్టిన థ్రాటిల్ బాడీ, ఆయిల్ అంటిన మాఫ్ సెన్సర్, అరిగిన ప్లగ్‌ల వైపు అప్పుడు వెళ్లొచ్చు. అందుకే తీసేసిన కంపెనీ వాల్వ్‌ను మెకానిక్ దగ్గర వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోవాలి.