ఊదా రంగు వెనక రెండు లోహ పరమాణువులు

ప్లస్ టూ అనండి, పీయూసీ అనండి, ఇంటర్ అనండి, కెమిస్ట్రీ ల్యాబులో ఒక పరీక్ష అందరికీ ఉమ్మడి. ఫీనాల్ ద్రావణంలో తటస్థ ఫెర్రిక్ క్లోరైడ్ రెండు చుక్కలు వేస్తే ఊదా రంగు వస్తుంది. పిల్లలు ‘ఫీనాల్ ఉన్నది’ అని రికార్డులో రాసేసి ముందుకెళ్తారు. ఆ రంగు ఎందుకొచ్చిందని అడిగేవాళ్లు తక్కువ. కాంతి సోకినప్పుడు ఫీనాల్ వైపు ఉన్న ఎలక్ట్రాన్, మూడు ధనావేశాలున్న ఇనుము వైపు జరుగుతుంది. అందుకు కావలసిన కాంతిని ద్రావణం పీల్చుకుంటుంది. మిగిలిన కాంతి మనకు ఊదాగా కనిపిస్తుంది.

ఇలాంటి రంగే ప్రాణుల ఒంట్లోనూ ఉంది. ఆడపంది గర్భాశయంలోని యూటరోఫెర్రిన్, ఆవు ప్లీహంలోని ఎంజైమ్, రాజ్మా గింజలోని మరొకటి ఒకే కుటుంబం. పర్పుల్ ఆసిడ్ ఫాస్ఫటేజ్‌లు అని వీటి పేరు. వీటిలో ఫీనాల్ పాత్ర పోషించేది టైరోసిన్ అనే అమైనో ఆమ్లం.

వీటి పని ఫాస్ఫేట్ బంధాన్ని నీటితో తెంచడం. వినడానికి చిన్న పనే. కానీ ఎంజైమ్ లేకుండా మామూలు నీళ్లలో వదిలేస్తే, ఒక సాధారణ ఫాస్ఫేట్ మోనోఎస్టర్‌లో సగం విడిపోవడానికి దాదాపు లక్ష కోట్ల సంవత్సరాలు పడుతుందని రసాయన శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. విశ్వం వయసే సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు! ఫాస్ఫేట్‌కు ఋణావేశాలుంటాయి, దాని మీదికి వచ్చే హైడ్రాక్సైడ్‌కూ ఋణావేశమే. రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. మన డీఎన్ఏ అంత గట్టిగా నిలబడటానికి కారణం ఇదే. అవసరమైనప్పుడు తెంచడానికి ఎంజైమ్ కావలసి రావడానికి కారణమూ ఇదే.

ఎంజైమ్ చేసే ఉపాయం ఏమిటంటే, రెండు లోహ పరమాణువులను పక్కపక్కన, నానోమీటరులో దాదాపు మూడో వంతు దూరంలో కూర్చోబెట్టడం. ఒకటి ఎప్పుడూ మూడు ధనావేశాల ఇనుము. రెండోది పశువుల్లో రెండు ధనావేశాల ఇనుము, రాజ్మాలో జింక్. రాజ్మా ఎంజైమ్ స్ఫటిక నిర్మాణం 1995లో వెలువడ్డాక ఈ అమరిక కళ్లకు కట్టింది. రెండో లోహం ఫాస్ఫేట్‌ను పట్టుకుని ఉంచుతుంది. మొదటిది నీటి అణువు నుంచి ప్రోటాన్‌ను సులువుగా ఊడేలా చేసి, దాన్ని హైడ్రాక్సైడ్‌గా మారుస్తుంది. పశువుల ఎంజైమ్‌లో రెండో ఇనుము కూడా ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటే గులాబీ రంగు ఊదాగా మారుతుంది, పనీ ఆగిపోతుంది.

మరి దాడి చేసే హైడ్రాక్సైడ్ ఒక్క ఇనుముకే అంటుకుని ఉన్నదా, రెండు లోహాల మధ్య వారధిలా ఉన్నదా? దీనిమీద పరిశోధకులు చాలాకాలం వాదించుకున్నారు. వేల పరమాణువులున్న ప్రోటీన్‌లో అది తేల్చడం కష్టం. అందుకే కొందరు ఆ మధ్యభాగం వరకే, చిన్న బొమ్మలా, గాజు ఫ్లాస్కులో తయారుచేయడం మొదలుపెట్టారు.

అమెరికాలో లారెన్స్ క్యూ బృందం 1980లలో ఇలాంటి జంట ఇనుము సంశ్లిష్టాలను తయారుచేసింది. అందులో మధ్యన ఒక ఫీనాల్ వలయం, దాని ఆక్సిజనే రెండు ఇనుములకూ వంతెన. అటూ ఇటూ చెరొక చేయి, ఒక్కో చేతికి రెండేసి పిరిడీన్ వలయాలు. అంతా సౌష్ఠవం. ఎంజైమ్ మాత్రం అలా ఉండదు, రెండు లోహాల పరిసరాలు వేరువేరు. నాకు నచ్చింది బ్రెజిల్‌కు చెందిన అడెమిర్ నెవెస్ బృందం చేసిన మార్పు. వాళ్లు ఒక పిరిడీన్ తీసేసి ఆ చోట ఫీనాల్ పెట్టారు. అంతే, మూడు ఆవేశాల ఇనుము ఆ ఆక్సిజన్ ఉన్న వైపుకే చేరింది, రెండు ఆవేశాల లోహం రెండో వైపుకు. టైరోసిన్ లేని లోటు తీరింది, రంగూ వచ్చింది. ఇది ల్యాబు పరీక్షలో చూసిన పాత చుట్టమే కదా!

బొమ్మ పనిచేస్తోందో లేదో చూసే పద్ధతి కూడా తరగతిలో చెప్పదగినదే. తెగినప్పుడు పసుపు రంగు డైనైట్రోఫీనాల్‌ను వదిలే ఫాస్ఫేట్‌ను దానికిస్తారు. పసుపు ఎంత వేగంగా పెరుగుతోందో 400 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఈ ఫాస్ఫేట్ సులువుగా తెగే రకం, అయినా బొమ్మల వేగం అసలు ఎంజైమ్ దరిదాపులకు రాదు. చుట్టూ ప్రోటీన్ చేసే సాయం వాటికి లేదు మరి. ఏ ముక్క ఏ పని చేస్తుందో విడదీసి చూపడంలోనే వాటి విలువ.

పొలం వైపు చూస్తే, నేలలోని భాస్వరంలో (కర్ణాటక పిల్లలు కన్నడ పుస్తకంలో దాన్నే ‘రంజక’ అని చదువుతారు) చాలా భాగం సేంద్రియ రూపంలో చిక్కుకుని ఉంటుంది, మొక్కకు నేరుగా అందదు. భాస్వరం కొరత పడినప్పుడు చాలా మొక్కల వేళ్లు ఈ ఊదా ఎంజైమ్‌లనే మట్టిలోకి వదిలి దాన్ని విడిపించుకుంటాయి. మన దేశమేమో ఎరువుల కోసం ఫాస్ఫేట్ రాతిని ఎక్కువగా దిగుమతి చేసుకుంటోంది. మన ఎముకలను కరిగించే కణాల్లోనూ ఈ కుటుంబానికి చెందిన ఎంజైమే ఉంది. ఎముకల గుల్లదనం మీద మందులు వెతికేవాళ్లు దీన్ని ఆపే అణువుల కోసం ప్రయత్నిస్తున్నది అందుకే.